మెర్సెన్ పట్టిక – ముప్పదితొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య చరిత్ర

ఒకటిచేతను, తనచేతను తప్ప వేరొక సంఖ్యచేత నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. 2, 3, 5, 7, 11, 13 మొదలైనవి యిట్టివి. 12, 15 వంటివి చిన్న సంఖ్యల గుణకారమువలన నేర్పడినవి. వానిని సంయుక్త సంఖ్యలందురు. సంఖ్యాప్రపంచమున ప్రధాన సంఖ్యలు భాషయందు అక్షరముల వంటివి. తక్కిన సంఖ్యలన్నియు వానిని కూర్చుటవలననే పుట్టుచున్నవి.

ప్రధాన సంఖ్యలకు అంతము లేదని గ్రీకు పండితుడైన యూక్లిడ్ క్రీ.పూ. 300 ప్రాంతమున తన గ్రంథములో నిరూపించెను. అతని యుక్తి మిక్కిలి సులభము. మనకు తెలిసిన ప్రధాన సంఖ్యల నన్నిటిని గుణించి ఒకటి కలిపినచో వచ్చు సంఖ్య, తెలిసిన వానిలో దేనిచేతను భాగింపబడదు. ప్రతి భాగహారమునను ఒకటి శేషించును. కనుక మనకు తెలియని ప్రధాన సంఖ్య మరియొకటి ఉండియే తీరవలెను. అయితే అంతము లేదని తెలియుట వేరు, ఒక మహాసంఖ్యను చూపి ‘ఇది ప్రధానమే’ యని రుజువు చేయుట వేరు. మొదటిది యొక పుటలో ముగిసినది. రెండవదానికి రెండువేల మున్నూరు సంవత్సరములుగా ప్రయత్నము సాగుచునే యున్నది. ఆ ప్రయత్నములో 39 అంకెలుగల యొక సంఖ్యకు విశిష్టమైన స్థానము కలదు. దాని చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

రెట్టింపు చేయుచు పోవుటలోని వింతను మన పూర్వులు బాగుగ నెరుగుదురు. ఛందస్సు చదివినవారికి మూడక్షరముల గణములు ఎనిమిదియే యేల యైనవో తెలియును. ప్రతి యక్షరమును గురువో లఘువో కావలెను గనుక, అక్షర మొకటి పెరిగినపుడెల్ల ప్రస్తారము రెట్టింపగును: రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు. ఈ రెట్టింపు సంఖ్యలను త్వరగా గణించు ఉపాయమును పింగళుడు తన ఛందశ్శాస్త్రమున సూత్రీకరించెను. చదరంగపు పలకపై మొదటి గడిలో నొక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున ధాన్యము కోరిన పండితుని కథయు అందరును విన్నదే. ఆ పలకలోని 64 గడులకును కావలసిన గింజలు 2⁶⁴–1, అనగా 18446744073709551615.

ఇట్టి రెట్టింపు సంఖ్యనుండి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్యలపై యూక్లిడ్ దృష్టి నిలిపెను. 2²–1 అనగా 3. 2³–1 అనగా 7. 2⁵–1 అనగా 31. 2⁷–1 అనగా 127. ఇవి యన్నియు ప్రధానములే. ఇట్టి ప్రధాన సంఖ్య దొరికినచో, దానిని అంతకు ముందరి రెట్టింపు సంఖ్యచే గుణింపగా ‘పరిపూర్ణ సంఖ్య’ లభించునని యూక్లిడ్ చూపెను. పరిపూర్ణ సంఖ్య యనగా, తనను మినహాయించి తక్కిన తన భాజకముల మొత్తమునకు సమానమైన సంఖ్య. 6 యొక్క భాజకములు 1, 2, 3. వాని మొత్తము 6. 28 యొక్క భాజకములు 1, 2, 4, 7, 14. వాని మొత్తము 28. ప్రాచీనులకు 6, 28, 496, 8128 అను నాలుగు పరిపూర్ణ సంఖ్యలు తెలిసియుండెను.

ఘాతము సంయుక్త సంఖ్య యైనచో ఫలితమును సంయుక్తమే యగును. చదరంగపు గింజల సంఖ్య 5తో ముగియుటయే యిందుకు సాక్ష్యము; ఏలయన 64 సంయుక్త సంఖ్య. కాని ఘాతము ప్రధానమైనంత మాత్రమున ఫలితము ప్రధానము కానక్కరలేదు. 11 ప్రధానమే, అయినను 2¹¹–1, అనగా 2047, 23ను 89చే గుణింపగా వచ్చినదే. ఈ సంగతి 1536లో అచ్చైన యొక గ్రంథమున రేగియస్ అను పండితుడు వెల్లడించెను. అంతవరకు ఘాతము ప్రధానమైన చాలునని నమ్మినవారు పెక్కురు.

ఇటలీ దేశస్థుడైన కతాల్దీ 1588లో 2¹⁷–1 అనగా 131071, 2¹⁹–1 అనగా 524287 ప్రధానములని, తగిన ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగ భాగించి తేల్చెను. ఇది మెచ్చదగిన శ్రమ. కాని అతడు అంతటితో నిలువక 23, 29, 31, 37 ఘాతములకును ఫలితము ప్రధానమేయని ప్రకటించెను. 1640లో ఫెర్మా అను ఫ్రెంచి న్యాయాధికారి, 23వ ఘాతపు సంఖ్య 47చేతను, 37వ ఘాతపు సంఖ్య 223చేతను భాగింపబడునని చూపెను. 1738లో ఆయిలర్, 29వ ఘాతపు సంఖ్య 233చే భాగింపబడునని తేల్చెను. ఆ నాలుగింటిలో మిగిలినది 31 ఒక్కటే.

పారిస్ నగరమున నొక క్రైస్తవ మఠమందు మారిన్ మెర్సెన్ అను సన్న్యాసి యుండెడివాడు. అతని జీవితకాలము 1588 నుండి 1648 వరకు. శాస్త్ర పత్రికలు పుట్టని ఆ కాలమున అతడే యొక పత్రికవలె పనిచేసెను. దెకార్త్, ఫెర్మా మొదలైన విద్వాంసులతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుచు, ఒకరి ఫలితములను వేరొకరికి అందజేయుచుండెను. అతడు 1644లో ప్రచురించిన గ్రంథపు పీఠికలో నొక పట్టిక నిచ్చెను. ఘాతము 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినపుడు ఫలితము ప్రధానమనియు, 257 లోపల తక్కిన ఘాతములన్నిటికిని సంయుక్తమనియు అతడు వ్రాసెను. పదునైదు ఇరువది అంకెల సంఖ్య ప్రధానమగునో కాదో తేల్చుటకు కాలమంతయు చాలదని తానే చెప్పిన మెర్సెన్, 78 అంకెలుగల 257వ ఘాతపు సంఖ్యను గూర్చి యెట్లు నిర్ణయించెనో తెలుపలేదు. రుజువు లేని ఆ పట్టిక అచ్చులో నిలిచినది. అతని గౌరవముచేత నాటినుండి యీ సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలను పేరు స్థిరపడినది.

పట్టికలోని 31ని ఆయిలర్ 1772లో రుజువు చేసెను. 2³¹–1, అనగా 2147483647 ప్రధానమే. అతడు గ్రుడ్డిగా భాగహారములు చేయలేదు. మెర్సెన్ సంఖ్యకు ఏదేని ప్రధాన భాజక మున్నచో, అది ఘాతపు రెట్టింపుచే భాగింపగా ఒకటి శేషించునట్టిదై యుండవలెను. 2047 యొక్క భాజకములగు 23, 89లను 22చే భాగించి చూచినచో ఈ నియమము ప్రత్యక్షమగును. ఇట్టి నియమములచే పరీక్షింపవలసిన సంఖ్యలు మిక్కిలి తగ్గిపోయెను. తరువాత 1811లో ఆంగ్ల గణితజ్ఞుడు బార్లో, ఈ సంఖ్యవలన లభించు పరిపూర్ణ సంఖ్యయే ఎన్నటికిని కనుగొనబడు వానిలో పెద్దదని వ్రాసెను. అవి వింతలే కాని ఉపయోగకరములు కావు గనుక, ఆపైన ఎవరును శ్రమపడబోరని అతని యభిప్రాయము.

ఆ మాట వ్రాసిన అరువదియైదు సంవత్సరములకు ఎదువార్ ల్యూకా దానిని తలక్రిందులు గావించెను. ల్యూకా 1842లో ఫ్రాన్సు దేశపు అమియాఁ పట్టణమున జన్మించెను. పారిస్ నక్షత్రశాలలో పనిచేసి, 1870నాటి ప్రష్యా యుద్ధమున ఫిరంగిదళమందు సేవచేసి, పిమ్మట పారిస్ పాఠశాలలలో ఉపాధ్యాయుడయ్యెను. 1, 1, 2, 3, 5, 8, 13 అను సంఖ్యల వరుసకు ఫిబొనాచ్చి పేరును స్థిరపరచినవాడు అతడే. ముందరి రెండింటిని కలుపగా తరువాతిది వచ్చు నీ వరుసను, మాత్రా ఛందస్సుల లెక్కలో మన దేశపు విరహాంకుడు, హేమచంద్రుడు ఫిబొనాచ్చికి పూర్వమే యెరిగియుండిరి. ఈ వరుస గుణములను శోధించుచు ల్యూకా యొక క్రొత్త పరీక్షను కనుగొనెను.

ఆ పరీక్షకు 1930లో అమెరికా గణితజ్ఞుడు లేమర్ ఇచ్చిన సులభరూపము నిచట చెప్పవచ్చును. 4తో ప్రారంభించి, ప్రతి సంఖ్యను వర్గము చేసి 2 తీసివేయుచు పోవలెను. 4 తరువాత 14, పిమ్మట 194, అటుపిమ్మట 37634 వచ్చును. ఘాతము 2 కాక వేరొక ప్రధాన సంఖ్య యైనపుడు, ఘాతమునకు ఒకటి తక్కువైన స్థానమందలి సంఖ్యను మెర్సెన్ సంఖ్య నిశ్శేషముగా భాగించినచో అది ప్రధానము, లేనిచో కాదు. ఘాతము 5 అయినపుడు నాలుగవ స్థానమున 37634 కలదు. దానిని 31చే భాగింపగా సరిగ 1214 వచ్చును. కావున 31 ప్రధానము. సంఖ్యలు పెరిగిపోకుండ ఎప్పటికప్పుడు శేషమును మాత్రమే నిలుపుకొనవచ్చును. 127ను ఇట్లు పరీక్షించినచో వరుసగా 4, 14, 67, 42, 111 వచ్చి, ఆరవ స్థానమున సున్న వచ్చును. చదువరులు కాగితముపై పది నిమిషములలో సరిచూచుకొనవచ్చును. 2047ను పరీక్షించినచో పదవ స్థానమున 1736 శేషించును. కావున అది సంయుక్తము. దాని భాజకము లెవ్వియో ఈ పరీక్ష చెప్పదు. భాజకములు కలవని మాత్రము నిశ్చయముగ చెప్పును.

1876లో ల్యూకా ఇట్టి పరీక్షచేతనే 2¹²⁷–1 ప్రధానమని ప్రకటించెను. ఆ సంఖ్య యిది:

170141183460469231731687303715884105727

దీనిని పాత పద్ధతిని భాగించి తేల్చవలెనన్న, ఘాతమును గూర్చిన నియమమును పాటించి క్షణమున కొక భాగహారము చేసినను నూటయరువది కోట్ల సంవత్సరములు పట్టును. క్రొత్త పద్ధతిలో నూటయిరువదియైదు వర్గములు, వాని శేషములు చాలును. అంతకు ముందు 1867లో లాండ్రీ కనుగొన్న 13 అంకెల సంఖ్యయే పెద్ద ప్రధాన సంఖ్యగా ఉండెను. ఒక్కసారిగా 39 అంకెలకు దాటుట సామాన్యమైన విషయము కాదు.

శేషము తీయుటలోను మెర్సెన్ సంఖ్యల కొక సౌలభ్యము కలదు. 9చే భాగింపగా వచ్చు శేషమునకై అంకెలను కూడుట బడిపిల్లలకును తెలిసినదే. అట్లే 99చే భాగించుటకు జంట యంకెలను కూడిన చాలును. 1234కు 12, 34 కలుపగా 46 శేషము. సున్న, ఒకటి అను రెండంకెలను మాత్రమే వాడు ద్విసంఖ్యామానమున మెర్సెన్ సంఖ్యలన్నియు ఒంట్ల వరుసలే. 2¹²⁷–1 అనగా నూటయిరువదియేడు ఒంట్లు. పదుల పద్ధతిలో 99 ఎట్టిదో ఆ పద్ధతిలో ఇది యట్టిది. కనుక భాగహారము లేకయే, కూడికచేతనే శేషము లభించును. ల్యూకా ఈ సంగతిని గ్రహించి, ద్విసంఖ్యామానమున లెక్క సాగించుటకు చదరంగపు పలకవంటి గడుల పలకను, పావులను వాడు పద్ధతిని వర్ణించెను.

అతనికి వినోద గణితమునందును ఆసక్తి మెండు. మూడు కడ్డీలు, వానిలో నొకదానిపై పెద్దవానిపై చిన్నవిగా పేర్చిన బిళ్ళలు గల ‘హనోయి గోపురము’ అను ఆటను 1883లో, తన పేరులోని అక్షరములను తారుమారు చేసి క్లౌస్ అను మారుపేరున వెలువరించెను. కాశీలోని ఆలయమున బ్రాహ్మణులు 64 బంగారు బిళ్ళలను ఒక కడ్డీనుండి వేరొక కడ్డీకి మార్చుచున్నారనియు, ఆ పని ముగిసిననాడు లోకము అంతరించుననియు ఒక కల్పిత కథ ఆ ఆటతోబాటు వ్యాపించెను. 64 బిళ్ళలకు కావలసిన ఎత్తులు 2⁶⁴–1. చదరంగపు గింజల సంఖ్యయు అదియే. 127 బిళ్ళలున్నచో ఎత్తుల సంఖ్య ల్యూకా ప్రధాన సంఖ్యయే యగును. ల్యూకా 1891లో నలుబదితొమ్మిదవ యేట మరణించెను.

అతని పరీక్ష పట్టికలోని తప్పులను కూడ బయటపెట్టెను. 67వ ఘాతపు సంఖ్య ప్రధానము కాదని 1876లోనే తేలెను. కాని దాని భాజకము లెవ్వరికిని తెలియవు. 1903 అక్టోబరులో అమెరికా గణితజ్ఞుల సమావేశమున కోల్ అను ఆచార్యుడు వానిని వెల్లడించెను. 147573952589676412927 అను ఆ సంఖ్య, 193707721ని 761838257287చే గుణింపగా వచ్చినది. అతడు ఒక్క మాటయైన పలుకక నల్లబల్లపై రెండు లెక్కలును వ్రాసి కూర్చుండెనని పలువురు చెప్పుకొందురు. ఆ కథ యెట్లున్నను గుణకారము మాత్రము నిజము. మొదటి భాజకమునుండి ఒకటి తీసి 134చే భాగించినచో నిశ్శేషముగా 1445580 వచ్చును. ఆయిలర్ నియమమునకు ఇది మరియొక సాక్ష్యము.

మెర్సెన్ విడిచిపెట్టిన ప్రధాన సంఖ్యలును ఉండెను. రష్యా దేశమున ఉరల్ పర్వత ప్రాంతపు పల్లెలో అర్చకుడుగా నున్న పెర్వూషిన్, 1883లో 61వ ఘాతపు సంఖ్య ప్రధానమని నిరూపించెను. 2305843009213693951 అను ఆ సంఖ్యకు 19 అంకెలు. విశ్వవిద్యాలయములకు దూరముగ, పల్లెలో కూర్చుండి యాతడు చేసిన గణన ఒక మహానగరపు గ్రంథమందలి తప్పును దిద్దెను. అమెరికాలోని డెన్వరు నగరవాసి పవర్స్ 1911లో 89ని, 1914లో 107ను చేర్చెను. ఆ 1914లోనే ఫోకెంబెర్గ్ అను ఫ్రెంచి గణకుడు ల్యూకా సంఖ్యను మరల లెక్కించి రూఢిపరచెను. 257వ ఘాతపు సంఖ్య సంయుక్తమని లేమర్ నెలల తరబడి శ్రమించి తేల్చెను. 1947 నాటికి 257 వరకుగల ఘాతముల పరిశీలన పూర్తియైనది. సరియైన పట్టిక 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61, 89, 107, 127. మెర్సెన్ పట్టికలో రెండు అనవసరముగ చేరినవి, మూడు విడిచిపోయినవి. ఐదు తప్పులను దిద్దుటకు మున్నూటమూడు సంవత్సరములు పట్టినది.

ల్యూకా సంఖ్య 75 సంవత్సరములు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో పెద్దదిగా నిలిచినది. 1951లో ఫెర్రియే యను ఫ్రెంచి గణకుడు చేతి గణనయంత్రముతో 44 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొనెను. ఆ సంవత్సరముననే కేంబ్రిడ్జిలోని ఎడ్సాక్ కంప్యూటరుతో మిల్లర్, వీలర్ అనువారు 79 అంకెల సంఖ్యను సాధించిరి. వారు ల్యూకా సంఖ్యనే వర్గము చేసి, 180చే గుణించి, ఒకటి కలిపిరి. పాత కిరీటము పోయినను, క్రొత్త కిరీటము దానితోనే చేయబడినది. 1952 జనవరి 30న లాస్ ఏంజెల్స్‌లోని స్వాక్ యంత్రముపై రాబిన్సన్ వ్రాసిన ఆదేశములు నడచి, ఒకే దినమున 521, 607 ఘాతముల ప్రధాన సంఖ్యలు బయల్పడెను. ఆ సంవత్సరముననే మరి మూడు లభించెను. ఆ యంత్రము చేసినది ల్యూకా, లేమర్‌ల పరీక్షయే.

1996లో వోల్ట్‌మన్ ప్రారంభించిన ఉద్యమమున లోకమందలి వేలకొలది జనులు తమ కంప్యూటర్ల ఖాళీ సమయమును ఈ గణనకు అర్పించిరి. 2024 అక్టోబరులో ప్రకటింపబడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹–1 అను సంఖ్యకు 4,10,24,320 అంకెలు కలవు; అది కనుగొనబడిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలలో 52వది. సాధారణ సంఖ్యల విషయమున, కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో, ఏ సంఖ్య ప్రధానమో పరిమిత కాలములో నిశ్చయముగ తేల్చు పద్ధతిని కనుగొని లోకప్రశంస నందిరి.

వింతలే కాని ఉపయోగము లేనివన్న బార్లో మాటయు నిలువలేదు. ఆయిలర్ రుజువు చేసిన 2147483647, ముప్పదిరెండు ద్విసంఖ్యాంకముల కంప్యూటరు పూర్ణసంఖ్యలలో, గుర్తుకు ఒకటి పోగా, మిగులు వానిలో పెద్దది. 1952లో దొరికిన 521వ ఘాతపు సంఖ్య, వార్తలను రహస్యముగ పంపుటకు అమెరికా ప్రభుత్వ ప్రమాణములలో చేరినది. ల్యూకా సంఖ్యను ఆధారముగ గొని 2015లో క్రొత్త రహస్యలిపి పద్ధతి యొకటి వెలువడినది. కాగితముపై శ్రమించినవారిలో ఎవ్వరును ఈ ఫలమును కోరి శ్రమింపలేదు.

ల్యూకా సంఖ్యకు సంబంధించిన యొక ప్రశ్న ఇంకను మిగిలియున్నది. 2తో ప్రారంభించి, వచ్చిన సంఖ్యనే ఘాతముగ గొని ఒకటి తీసివేయుచు పోయినచో 3, 7, 127 వచ్చును. 127నుండి ల్యూకా సంఖ్య వచ్చును. అయిదును ప్రధానములే. ఈ వరుసను 1876లోనే గమనించినవాడు కతలాన్. ఆరవ సంఖ్యయు ప్రధానమగునా? ల్యూకా సంఖ్యను ఘాతముగాగల ఆ సంఖ్యను వ్రాయుటకే అయిదు పక్కన ముప్పదియేడు సున్నలంత అంకెలు కావలెను. దానిని ల్యూకా పరీక్షతో తేల్చుటకు ఏ యంత్రమునకును శక్తి చాలదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతమా కాదా యన్నదియు నిర్ణయము కాలేదు.

ఇది యట్లుండ, 1644నాటి పట్టికలో అచ్చైన ప్రతి సంఖ్యకును నేడు రుజువు కలదు, లేదా ఖండనము కలదు. మెర్సెన్ కీర్తి దానివలన తగ్గలేదు. తప్పొప్పులతో కూడిన ఆ పట్టికయే తరువాతివారికి పని కల్పించినది. అచ్చులో నున్నదని నమ్మి ఊరకుండక, కాగితము ముందు పెట్టుకొని లెక్క సరిచూచినవారు దానిని పూర్తిచేసిరి. వారిలో మహాపండితులతోబాటు పల్లెయందలి అర్చకుడు, బడిపంతులు కూడ నుండిరి.